పాఠకుల ప్రశ్నలు – జవాబులు: పాస్టరు గారి ట్రంకు పెట్టె

గత సంచికలో రాయలసీమలోని పాత చర్చి కట్టడాల గురించి వ్యాసం వేసిన తరువాత చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కట్టడాల మీద వచ్చినవి కొన్నే. ఎక్కువమంది వాటిలో పనిచేసిన పాస్టర్ల గురించి అడిగారు. అందులో నాలుగు ఉత్తరాలు మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు క్రైస్తవ శాఖ పాస్టర్ల జీవితానికి సంబంధించినవి కావడంతో ఈ నెల శీర్షికను వాటికే కేటాయిస్తున్నాము. మెథడిస్టు సంఘాలలో ముప్ఫయి ఏళ్ళకు పైగా సేవ చేసి, ప్రస్తుతం కర్నూలులో విశ్రాంత జీవితం గడుపుతున్న ఒక పాస్టరు గారు జవాబులు రాశారు. రాసినవారి కోరిక మేరకు పేర్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మా అమ్మగారి నాన్న మెథడిస్టు పాస్టరుగా రాయచూరు వైపు తెలుగు సంఘాలలో పనిచేసి, రిటైరైన తరువాత గుంతకల్లులో మా దగ్గరే ఉండి కన్నుమూశారు. ఈ మధ్య ఇల్లు మారుతూ ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే తొమ్మిది నోటు పుస్తకాలు, ఒక రసీదుల కట్ట, నల్ల అట్ట వేసిన ‘డిసిప్లిన్’ అనే చిన్న సంఘ నియమావళి పుస్తకం దొరికాయి. డిసెంబరులో కుటుంబమంతా కలిసేటప్పటికి ఆయన జీవితాన్ని చిన్న పుస్తకంగా అచ్చు వేయించాలని అనుకున్నాము. కాని ఆ నోటు పుస్తకాలలో ‘6 మైళ్ళు, 4 ఇళ్ళు, కానుక 3 రూ. 2 అణాలు’ వంటి లెక్కలు తప్ప ఆయన మనసు ఎక్కడా కనిపించదు. ‘ఆన్ ట్రయల్’, ‘ఫుల్ కనెక్షన్’, ‘క్వార్టర్లీ’ అనే మాటలూ మాకు అర్థం కాలేదు. ఈ లెక్కలను పట్టుకుని ఒక మనిషి జీవితం ఎలా రాయాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ఆ మాటల అర్థం చెప్పి, తరువాత మీ పుస్తకం సంగతికి వస్తాను. మన కర్నూలు వైపు బాప్టిస్టు సంఘాలలో పాస్టరును సంఘమే పిలుచుకుంటుంది, సరిపడనప్పుడు సంఘమే సాగనంపుతుంది. మెథడిస్టు పాస్టరు సభ్యత్వం ఆయన ప్రసంగించే సంఘంలో ఉండదు. పాస్టర్లూ సంఘాల ప్రతినిధులూ ఏడాదికొకసారి బిషప్ గారి అధ్యక్షతన కూడే యాన్యువల్ కాన్ఫరెన్స్‌లో ఉంటుంది. అందులోకి వెళ్ళే దారికి మెట్లు చాలా ఉన్నాయి. యువకుడు మొదట తన సంఘం సిఫారసుతో లోకల్ ప్రీచరుగా లైసెన్సు పొందుతాడు. కాన్ఫరెన్స్ అతనిని కొన్నేళ్ళపాటు పరీక్షార్థం తీసుకుంటుంది; ‘ఆన్ ట్రయల్’ అన్నది అదే. ఆ కాలంలో నిర్ణయించిన పుస్తకాలు చదివి పరీక్షలు రాసి, పెద్దల మెప్పు పొందితే పూర్తి సభ్యుడిగా చేర్చుకుంటారు. అది ‘ఫుల్ కనెక్షన్’. ఇక డీకన్, ఎల్డర్ అనేవి బిషప్ గారి హస్తనిక్షేపణతో వచ్చే అభిషేకాలు. మీ తాతగారి కాలంలో డీకన్‌గా ఉన్నవారు బాప్తిస్మం ఇవ్వవచ్చు, పెళ్ళి చేయవచ్చు, ప్రభురాత్రి భోజనంలో, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారంలో, ఎల్డరుకు సహాయపడవచ్చు. స్వయంగా ఆ బల్లను నడిపించే అధికారం మాత్రం ఎల్డరు అయిన తరువాతనే. కాబట్టి ఆయన నోటు పుస్తకంలో రాత్రి భోజన సంస్కారానికి ఇంకొకరు వచ్చినట్టు కనిపించినంత కాలం ఆయన ఇంకా ఎల్డరు కాలేదని ఊహించవచ్చు.

‘క్వార్టర్లీ’ అంటే మూడు నెలలకొకసారి డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటు గారు వచ్చి జరిపే క్వార్టర్లీ కాన్ఫరెన్స్. డి.ఎస్. గారు వస్తున్నారని తెలిస్తే ఊళ్ళో ఒక కోడిపుంజుకు ఆయుష్షు తీరినట్టేనని మేము చెప్పుకునేవాళ్ళం. ఆ రోజు పాస్టరు తన సంఘంలో ఎన్ని బాప్తిస్మాలు జరిగాయో, సండే స్కూలుకు ఎంతమంది పిల్లలు వస్తున్నారో, కానుక ఎంత వచ్చిందో, ఎన్ని ఇళ్ళు దర్శించాడో అందరి ముందూ చదివి వినిపించాలి. మీకు విసుగు పుట్టించిన ఆ లెక్కలు చాలావరకు ఈ నివేదిక కోసం రాసుకున్నవే అయి ఉంటాయి.

అయితే అవి కార్యాలయపు లెక్కలు మాత్రమే అనుకుంటే పొరపాటు పడతారు. ఈ శాఖకు మూలపురుషుడైన జాన్ వెస్లీ (1703–1791) కూడా తన దినచర్యలో ఎక్కడ ఏ వాక్యం మీద ప్రసంగించిందీ, ఎంత దూరం ప్రయాణించిందీ పట్టుదలతో రాసుకున్న మనిషి. చర్చిలలో ప్రసంగించడానికి తలుపులు మూసుకుపోతున్నప్పుడు, 1739 ఏప్రిల్‌లో బ్రిస్టల్ ఊరి బయట ఆరుబయట నిలబడి కూలిజనానికి బోధించడం మొదలుపెట్టినవాడు, ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు, చాలాకాలం గుర్రం మీదనే, సుమారు 4 లక్షల కిలోమీటర్లు తిరిగాడని లెక్క వేశారు. ఆయన తన బోధకులకు పెట్టిన నియమాలలో గుర్రం గురించి కూడా ఒకటి ఉంది. దానిని మెల్లగా నడిపితే చాలదు, దాని ఒళ్ళు రుద్దారా, మేత వేశారా, పడక వేశారా అన్నది స్వయంగా కళ్ళతో చూడాలి. మీ తాతగారి పుస్తకంలో సైకిలు టైరుకో ట్యూబుకో ఖర్చు రాసి ఉంటే దానిని తీసివేయకండి.

ఇక ‘4 ఇళ్ళు’ అన్న మాట వెనుక ఒక కథ ఉంది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం మీద పడ్డ అప్పు తీర్చడానికి ఒక్కొక్కరు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని అనుకున్నారు. బీదవారు అది కూడా ఇవ్వలేరని ఎవరో అన్నారు. అప్పుడు కెప్టెన్ ఫాయ్ అనే ఆయన లేచి, అతి బీదవారిని పదకొండుమందిని తనకు అప్పగించమని, వారం వారం వారి దగ్గరికి వెళతానని, ఇవ్వలేనివారి వంతు తానే వేస్తానని చెప్పాడు. మిగిలినవారూ అదే పద్ధతి పట్టారు. పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరిగినవారికి ఒక ఇంట్లో తాగుడు, ఇంకొక ఇంట్లో ఆలుమగల తగవు కనిపించి, ఆ సంగతులు వెస్లీకి వచ్చి చెప్పారు. మనం ఇంతకాలం వెతుకుతున్నది ఇదేనని ఆయన గ్రహించి, పన్నెండుమందికి ఒక నాయకుడు చొప్పున క్లాసులు ఏర్పాటు చేశాడు. అప్పు కోసం మొదలైన గృహదర్శనం ఆ విధంగా మెథడిస్టు సేవకు వెన్నెముక అయింది. పాస్టరును ఫుల్ కనెక్షన్‌లోకి తీసుకునే రోజున నేటికీ వెస్లీ కాలపు ప్రశ్నలే అడుగుతారు. పిల్లలకు శ్రద్ధగా బోధిస్తావా, ఇంటింటికీ వెళ్ళి దర్శిస్తావా, ఈ జన్మలోనే ప్రేమలో సంపూర్ణుడివి అవుతానని ఎదురుచూస్తున్నావా అన్నవి వాటిలో కొన్ని. సేవకు అడ్డువచ్చేంత అప్పు ఏమైనా ఉన్నదా అన్నది ఇంకొకటి. నన్ను ఆ చివరిది అడిగిన రోజున మా ఊరి కిరాణా కొట్టులో నా పేరు మీద 140 రూపాయల పద్దు ఉంది. అది అడ్డువచ్చేంతదా కాదా అని నేను లెక్క వేసుకుంటూ ఉండగానే నా నోరు ‘లేదు’ అనేసింది.

పుస్తకం రాయడానికి నా సలహా ఇది. మొదట నోటు పుస్తకాలను కాలక్రమంలో పెట్టండి. తేదీలు చెరిగిపోయిన చోట డబ్బు సాయం చేస్తుంది. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కనుక, అణాలు పోయి నయాపైసలు కనిపించిన పేజీ దాదాపుగా ఆ తరువాతిది. రాయచూరు 1956 వరకు నైజాం సంస్థానపు వారసత్వంలో ఉన్న హైదరాబాదు రాష్ట్రంలోది కాబట్టి, పాత పేజీలలో ‘హాలీ’, ‘కల్దార్’ అని రెండు రకాల రూపాయలు కనిపించవచ్చు. మొదటిది నైజాం రూపాయి, రెండవది ఇంగ్లీషువారి రూపాయి. రసీదుల తలకట్టు కూడా చూడండి. ‘మెథడిస్ట్ ఎపిస్కోపల్ చర్చి’ అని ఉంటే ఆ అచ్చు 1939కి ముందుది. ఆ ఏడాది అమెరికాలో మూడు మెథడిస్టు శాఖలు ఏకమై పేరులోంచి ‘ఎపిస్కోపల్’ తీసివేశాయి. ‘మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియా’ అని ఉంటే అది 1981లోనో ఆ తరువాతనో వేసినది.

రెండవది, తొమ్మిది పుస్తకాలనూ సమానంగా పంచి రాయవద్దు. వర్షం లేని ఏడాది ఒకటి తీసుకోండి. ఆ ఏడాది కానుక ఎంత పడిపోయిందో, సమాధి కార్యక్రమాలు ఎన్ని పెరిగాయో, వలస వెళ్ళిన కుటుంబాల పేర్ల పక్కన ఆయన ఏ గుర్తు పెట్టారో చూసి, ఆ ఒక్క ఏడాదిని పది పేజీలలో రాయండి. జొన్నలు, కొర్రలు, బుడ్డలు కానుకగా వచ్చిన కోత పండుగ ఒకటి ఉంటే దాని పక్కన పెట్టండి. ఆయన పనిచేసిన సంఘాలలో బాప్తిస్మపు రిజిస్టర్లు ఉంటే, ఆయన చేతిరాత ఉన్న పేజీలను అక్కడి పాస్టరు గారి అనుమతితో చూసి రండి. నోటు పుస్తకంలో ‘1 బాప్తిస్మం’ అని ఉన్నదానికి రిజిస్టరులో పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు ఉంటాయి. ఆ పేరుగల పిల్లవాడు ఇప్పుడు ముసలివాడై ఎక్కడో ఉండే ఉంటాడు. నోటు పుస్తకం చెప్పని మనసు గురించి అతనిని అడగవచ్చు.

మూడవది మీ అవ్వ గురించి. మీ ఉత్తరంలో ఆమె ప్రస్తావన లేదు. పాస్టరుకు కాన్ఫరెన్స్ జీతం ఇస్తుంది, చాలకపోయినా ఇస్తుంది. ‘అమ్మగారు’ అని ఊరంతా పిలిచే ఆయన భార్య స్త్రీల సమాజం నడిపి, సండే స్కూలు చెప్పి, వేళగాని వేళ వచ్చినవారికి సంగటి వండి పెట్టినా ఆమెకు ఒక రిజిస్టరు లేదు, రిటైర్మెంటు లేదు. ఈ విషయంలో మా తరం పాస్టర్లం ఏమంత గొప్పగా నడుచుకోలేదు. మీ అమ్మగారికి గుర్తున్నంతవరకు అవ్వ మాటలను అమ్మగారి యాసలోనే రాసి పెట్టండి.

చివరగా ఒక మనవి. ‘ప్రభువు ద్రాక్షతోటలో అలుపెరుగని సేవకుడు’ వంటి వాక్యాలు సంతాప సభలకు సరిపోతాయి. ఆయన అలిసిన రోజులు, డి.ఎస్. గారితో మాట పట్టింపు వచ్చిన రోజులు, కబురు అందినా పోలేక తరువాత బాధపడ్డ ఇల్లు ఏదైనా ఉంటే అవి కూడా ఉండనివ్వండి.

ప్రశ్న: మా కడపలో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం ఉంది. మెదక్ చర్చి కూడా సి.ఎస్.ఐ.దే అంటారు, దానిని కట్టినవారు మెథడిస్టులు అంటారు. మరి మెథడిస్టు పాస్టరు, సి.ఎస్.ఐ. పాస్టరు ఒకటేనా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీరు విన్న రెండు మాటలూ నిజమే. మన దేశానికి మెథడిస్టులు రెండు దారులలో వచ్చారు. ఇంగ్లండు నుంచి వచ్చిన వెస్లియన్ మెథడిస్టులు మెదక్ ప్రాంతంలో పనిచేశారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ గారి ఆధ్వర్యంలో కట్టిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ అయింది. ఆ శాఖ 1947 సెప్టెంబరు 27న ఇంగ్లండు అధికార చర్చి సంప్రదాయానికి చెందిన ఆంగ్లికన్లతోనూ, దక్షిణ భారత ఐక్య సంఘంతోనూ కలిసి సి.ఎస్.ఐ. అయింది. మీ కడపలో 1822 నుంచి పనిచేసిన లండన్ మిషనువారి సంఘాలు ఆ ఐక్య సంఘం ద్వారా సి.ఎస్.ఐ.లోకి వచ్చాయి.

రెండవ దారి అమెరికా నుంచి వచ్చింది. 1856లో విలియం బట్లర్ గారు వచ్చి బరేలీలో పని మొదలుపెట్టారు; 1870లో వచ్చిన విలియం టేలర్ గారి కూడికలతో ఆ శాఖ దక్షిణానికి పాకింది. వికారాబాదు, జహీరాబాదు, రాయచూరు వంటి చోట్ల ఉన్నవి ఈ శాఖ సంఘాలు. వీరు 1947లో ఐక్యతలో చేరలేదు. 1981లో అమెరికా సంఘంనుంచి విడివడి స్వతంత్ర సంఘమయ్యారు. పూర్వపు మిషన్లు ఒకరి ప్రాంతంలో ఇంకొకరు పని పెట్టుకోకుండా పంచుకున్నందువల్ల, లండన్ మిషను, నంద్యాల వైపు ఆంగ్లికన్ల మిషను అయిన ఎస్.పి.జి., కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు ఉన్న మన సీమలో మెథడిస్టు పాస్టరు అరుదుగానే కనిపిస్తాడు. చిన్నబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వడంలోనూ, బిషప్‌ల పాలనలోనూ మెథడిస్టులకూ సి.ఎస్.ఐ.వారికీ పోలిక ఎక్కువ. ఒక ముచ్చట ఏమిటంటే, ఇంగ్లండు మెథడిస్టులకు బిషప్‌లు లేరు, అమెరికావారికి 1784 నుంచి ఉన్నారు. అయినా మన దేశంలో బిషప్‌లున్న సంఘంతో మొదట కలిసినవారు బిషప్‌లు లేనివారే.

ప్రశ్న: మాది ఆదోని. ఉద్యోగరీత్యా రాయచూరులో ఉంటూ అక్కడి మెథడిస్టు తెలుగు సంఘంలో సభ్యులమయ్యాము. మా పాస్టరు గారు వచ్చి నాలుగేళ్ళయింది. సంఘం ఇప్పుడిప్పుడే కుదుటపడుతూ ఉండగా ఆయనకు బదిలీ అవుతుందని అంటున్నారు. మేము రెండు వందల సంతకాలతో బిషప్ గారికి మహజరు ఇవ్వాలనీ, వినకపోతే కొత్త పాస్టరును గుడిలోకి రానివ్వకూడదనీ అనుకుంటున్నాము. ఇది తప్పా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మహజరు తప్పు కాదు, గుడి తలుపు మూయడం తప్పు. మీ పాస్టరు గారు ఫుల్ కనెక్షన్‌లో చేరిన రోజున, పంపిన చోటికి వెళతానన్న ఒప్పందం మీదనే చేరారు. మీరు ఆయన మీద ప్రేమతో తలుపు మూస్తే, ఆ మాట తప్పించినవారు మీరవుతారు; పైవారి దృష్టిలో దానిని వెనకుండి నడిపించినది ఆయనే అవుతుంది. ఆయన మీకు చెప్పుకోలేని ఇబ్బంది అది.

బదిలీల విషయంలో వెస్లీ చాలా కఠినంగా ఉండేవాడు. ఒకే చోట ఏడాదిపాటు ప్రసంగిస్తే తానూ నిద్రపోతాడు, సంఘంలో ఎక్కువమందినీ నిద్రపుచ్చుతాడు అని 1756లో ఒక ఉత్తరంలో తన గురించే రాసుకున్నాడు. దానిలో నిజం ఉంది. నాకు మొత్తం ఎనిమిది అపాయింట్‌మెంట్లు వచ్చాయి. మూడో ఏడు దాటిన ప్రతి చోటా నా ప్రసంగాలలో ఉపమానాలు తిరిగి రావడం మొదలుపెట్టేవి, ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ ఒకరు పెదవులు కదుపుతూ నాకంటే ముందే ముగింపు చెప్పేసేవారు. కాని వెస్లీకి బడికి వెళ్ళే పిల్లలు లేరు. కాన్ఫరెన్స్ చివరి రోజున బిషప్ గారు అపాయింట్‌మెంట్లు చదువుతుంటే, తన పేరు పక్కన ఏ ఊరు వినిపిస్తుందో తెలియక భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్న పాస్టర్లను చూశాను. లారీలో సామాను, అందులో పిల్లల పుస్తకాలు, కొత్త ఊళ్ళో నీళ్ళు ఎక్కడ వస్తాయో తెలియని పార్సనేజ్ ఇల్లు. ఇది కొన్నేళ్ళకొకసారి జరిగేది. బదిలీని శిక్షగా వాడిన సందర్భాలు కూడా లేకపోలేదు. నన్ను ఒకసారి విద్యా సంవత్సరం మధ్యలో మార్చారు. కారణం అడిగితే సేవలో కారణాలు అడగకూడదని జవాబు వచ్చింది. ఆ జవాబును నేను ఇప్పటికీ అంగీకరించలేదు.

కాబట్టి మీరు చేయవలసినది సంఘపు కమిటీ ద్వారా చేయండి. డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటు గారు బిషప్ గారితో కూర్చుని పేర్లు నిర్ణయించకముందే, అంటే కాన్ఫరెన్స్‌కు చాలా ముందుగానే, ఆయన ఎందుకు ఉండాలో పని చూపించి రాయండి. సగంలో ఉన్న వయోజన బడి గాని, బాప్తిస్మానికి సిద్ధపడుతున్న కుటుంబాలు గాని, ఏవి ఉంటే అవి. ‘మంచివారు’ అన్న ఒక్క మాటకు రెండు వందల సంతకాలు పెట్టినా లాభం ఉండదు, ఎందుకంటే మంచివారు కావాలని పక్క సంఘం కూడా అడుగుతూనే ఉంటుంది. అయినా పంపితే, కొత్త పాస్టరు గారి సామాను దించడానికి మొదట వెళ్ళవలసినది మీరే.

ప్రశ్న: మా అమ్మాయికి జహీరాబాదు సంబంధం కుదిరింది. వారు మెథడిస్టు సంఘస్థులు, పెళ్ళి వారి చర్చిలోనే. సాయంత్రం ఊరేగింపుగా వెళ్ళి ఎనిమిది గంటలకు పెళ్ళి జరిపించాలని మేము అనుకుంటే, ఆ పాస్టరు గారు ఏడు దాటితే చేయనంటున్నారు. పైగా ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలట. ఇది ఆయన పట్టుదలా, నిజంగా నియమమా?
– ఒక తండ్రి, ఎమ్మిగనూరు

జవాబు: అది చట్టం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇలాంటి పెళ్ళి ఉదయం 6 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ మధ్య జరగాలి. లైసెన్సు పొందిన పాస్టరుకు వధూవరులలో ఒకరు ముందుగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. దానిని ఆయన చర్చిలో అందరికీ కనబడే చోట అంటించి, అభ్యంతరాలకు సమయం ఇస్తారు. పెళ్ళయిన తరువాత రిజిస్టరులో వధూవరులు, సాక్షులు, పాస్టరు సంతకాలు పెడతారు. రేపు పాస్‌పోర్టుకో బ్యాంకు పనికో మీ అమ్మాయికి అక్కరకు వచ్చేది ఆ పేజీయే. వీడియో తీసినవాడు మిమ్మల్ని ఎంత కంగారు పెట్టినా సంతకాలు పూర్తికాకుండా బయటికి రాకండి.

ఊరేగింపు ముచ్చట వదులుకోనక్కరలేదు. వేసవిలో ఆరున్నరకు మొదలయ్యే ఊరేగింపు ఏడుకు చర్చి చేరదని ఎన్నో పెళ్ళిళ్ళలో గేటు దగ్గర గడియారం చూస్తూ నిలబడ్డవాడిగా చెబుతున్నాను. నాలుగు గంటలకు ఆరాధన పెట్టించుకుని, పెళ్ళయ్యాక వధూవరులిద్దరినీ కలిపి ఊరేగించండి. విందు ఎనిమిదికి పెట్టుకోవచ్చు, దానికి ఏ చట్టమూ వేళ చెప్పలేదు.